లైబ్రరీ పీరియడ్‌ని ఆపిన ఈమెయిల్

మా అమ్మాయి ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో గురువారం అంటే లైబ్రరీ రోజు. వారానికోసారి క్లాసంతా వరసగా లైబ్రరీకి వెళ్లేది. పాత పుస్తకం తిరిగిస్తేనే కొత్తది ఇస్తారు కాబట్టి బుధవారం రాత్రి సోఫా కింద, మంచం వెనక, కారు సీట్ల మధ్య వెతుకులాట తప్పేది కాదు. దొరక్కపోతే ఏడుపు. దొరికితే పడుకునే ముందు దాన్నే ఇంకోసారి చదవడం.

తర్వాత మిడిల్ స్కూల్‌కి వెళ్లింది. ఆరో తరగతి. కొత్త బడి, ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో టీచరు, గంట కొట్టగానే ఒక గది నుంచి ఇంకో గదికి పరుగులు. ఆ డిసెంబర్ సెలవుల్లో ఒకరోజు మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది: "ఏమండీ, దీని చేతిలో పుస్తకం చూసి ఎన్నాళ్లయిందంటారు?" ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.

ముందు ఫోన్‌ని తిట్టాను. తర్వాత హోంవర్క్‌ని తిట్టాను. చివరికి "ఆ వయసే అంత" అని సర్దిచెప్పుకున్నాను. అసలు కారణంలో నా వాటా ఎంతో రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు. ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఇప్పుడు రాయడానికి కారణం ఒక్కటే. ఇలాంటి పొరపాటు మనవాళ్లలో నేనొక్కడినే చేసి ఉండనని నా అనుమానం.

మంగళవారం ఉదయం

మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్ శివార్లలో. మా కంపెనీలో స్వచ్ఛంద సేవకి ఏటా కొన్ని గంటలు సెలవిస్తారు. ఎప్పుడూ వాడుకోలేదు. ఆ ఫిబ్రవరిలో అమ్మాయి స్కూల్లో వాలంటీర్‌గా పేరిచ్చాను. ముందు మన వివరాలన్నీ తీసుకుని నేర చరిత్ర ఏమీ లేదని చూసుకుంటారు. తర్వాత వెళ్లినప్పుడల్లా ఫొటోతో ఒక స్టిక్కర్ ఇస్తారు, చొక్కాకి అంటించుకోవాలి. లైబ్రేరియన్ గారు నాకు అన్నిటికన్నా తేలికైన పని అప్పగించారు. తిరిగొచ్చిన పుస్తకాల్ని మళ్లీ వాటి చోట్లలో పెట్టడం. కథలూ నవలలైతే రచయిత ఇంటిపేరు వరసలో, మిగిలినవి డ్యూయీ నంబర్ల వరసలో. ఇరవై ఏళ్లుగా కోడ్ రాసేవాడికి ఇంతకన్నా హాయైన పని ఉండదు.

మూడో మంగళవారం నాకో సంగతి తట్టింది. నేనున్న గంటన్నరలో ఒక్క క్లాసే వచ్చి వెళ్లింది. మిగతా సమయమంతా అంత పెద్ద గదిలో మేమిద్దరమే. పిల్లలు ఎప్పుడొస్తారని అడిగాను.

"టీచర్లు తీసుకొస్తే వస్తారు" అన్నారు ఆవిడ.

మా అమ్మాయి చదివిన ఎలిమెంటరీలో లైబ్రరీ టైమ్‌టేబుల్‌లోనే ఉండేది, ఎవరూ ప్రత్యేకంగా తలచుకోనక్కర్లేదు. మిడిల్ స్కూల్లో అలా కాదు. రోజంతా లైబ్రరీ తెరిచే ఉంటుంది, ఏ టీచరైనా ఏ పీరియడ్‌కైనా బుక్ చేసుకోవచ్చు. కాగితం మీద చూస్తే ఇదే మెరుగైన పద్ధతి. పిల్లలు అగ్నిపర్వతాల మీద ప్రాజెక్టు చేస్తుంటే వరసగా మూడు రోజులు రావచ్చు, అవసరం లేని వారం మానేయొచ్చు. అమెరికాలో స్కూల్ లైబ్రేరియన్ల జాతీయ సంఘం కూడా ఈ వెసులుబాటునే సమర్థిస్తుంది. ఇబ్బందల్లా ఎక్కడంటే, ఎప్పుడైనా రావచ్చు అన్న చోటికి చాలామంది ఎప్పుడూ రారు.

పిల్లలే సొంతంగా రావచ్చు కదా అంటే అదీ అంత తేలిక కాదు. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య నాలుగైదు నిమిషాలే. లంచ్‌కి అరగంట, అందులో రావాలంటే పాస్ రాయించుకోవాలి. సాయంత్రం గంట కొట్టగానే బస్సు. పుస్తకాల పిచ్చి ఉన్న పిల్లలు ఎలాగో పాస్ సంపాదించి వస్తారు. మిగతావాళ్లకి లైబ్రరీకి ఉన్న దారల్లా వాళ్ల టీచరే.

"ఆగస్టు, సెప్టెంబర్లలో ఇంగ్లిష్ టీచర్లు దాదాపు అందరూ రెండు వారాలకోసారి క్లాసుల్ని తీసుకొచ్చేవారు" అన్నారు ఆవిడ, పుస్తకం వీపు మీద లేబుల్ అంటిస్తూ. "తర్వాత ఆరో తరగతి తల్లిదండ్రులు కొందరు క్లాసు టైమ్ వృథా అవుతోందని ఈమెయిళ్లు రాశారట. ఇద్దరు టీచర్లు మానేశారు."

రాసిందెవరో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు.

ఏడు లైన్ల మర్యాద

ఆ సెప్టెంబర్లో ఒక సాయంత్రం కారెక్కగానే అమ్మాయిని అలవాటుగా అడిగాను, ఈ రోజు ఇంగ్లిష్‌లో ఏం చెప్పారని. "ఏం లేదు నాన్నా, లైబ్రరీకి వెళ్లాం. నచ్చింది చదువుకున్నాం" అంది. ఆ "ఏం లేదు" నా చెవిలో పడిపోయింది. ఇక్కడ మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా స్టార్ అనే రాష్ట్ర పరీక్ష ఉంటుంది. ఇంగ్లిష్ పరీక్షలో వ్యాసం కూడా రాయాలి. ఆ రాత్రే టీచర్‌కి ఏడు లైన్ల ఈమెయిల్ రాశాను. ఎంతో మర్యాదగానే రాశాను. చదవడం ఇంట్లో కూడా చేసుకోవచ్చు, క్లాసు టైమ్‌ని గ్రామర్‌కీ రాయడానికీ వాడితే బాగుంటుంది అని.

మర్నాడే జవాబొచ్చింది. మీ అభిప్రాయం చెప్పినందుకు సంతోషం, గుర్తుపెట్టుకుంటాను అని. నాకు గర్వంగా అనిపించింది. అంతటితో ఆగలేదు. మా కాలనీ తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఆ ఈమెయిల్ పెట్టాను. "బాగా రాశారు", "మేమూ రాస్తాం" అని బొటనవేళ్లు వరస కట్టాయి. ఎంతమంది రాశారో లెక్క తెలియదు. అక్టోబర్ నుంచి మా అమ్మాయి క్లాసు లైబ్రరీ గడప తొక్కలేదు. ఇంట్లో చదువుకోవచ్చని నేను రాసిన ఆ చదువు ఇంట్లోనూ జరగలేదు. చదవడానికి పుస్తకం ఇంటికి రావాలి కదా.

"ఫీజు ఎంత అంకుల్?"

ఆ తర్వాతి వారం ఏడో తరగతి క్లాసు ఒకటి వచ్చింది. తీసుకొచ్చింది మానని టీచర్లలో ఒకావిడ. అందరూ అరల మధ్య తిరుగుతుంటే ఒక అబ్బాయి మాత్రం పుస్తకం చేతిలో పట్టుకుని కౌంటర్‌కి కాస్త దూరంలో నిలబడిపోయాడు. ముఖం చూసి తెలుగువాడేమో అనిపించింది. "ఏ ఊరు నాన్నా మీది?" అన్నాను. వాడి కళ్లు పెద్దవయ్యాయి. "హనుమకొండ అంకుల్. జనవరిలో వచ్చినం" అన్నాడు. మరి అక్కడే నిలబడ్డావేం అంటే గొంతు తగ్గించి అడిగాడు: "ఇది తీసుకపోవాలంటే ఫీజు ఎంత అంకుల్?"

అది బొమ్మల నవల. పైసా కట్టక్కర్లేదనీ, ఐడీ కార్డు స్కాన్ చేస్తే చాలనీ చెప్పాను. వాడు నమ్మలేదు. వాడి ముందున్న పిల్లలు డబ్బులివ్వకుండానే వెళ్లడం చూశాక నమ్మాడు.

ఆ రోజు ఆ టీచరు క్లాసుని తీసుకురాకపోతే ఈ సంగతి వాడికి ఎవరు చెప్తారు? ఇంగ్లిష్ ఇంకా నోరు తిరగని పిల్లవాడు పాస్ అడిగి, దారి కనుక్కుని, ఒంటరిగా లైబ్రరీకి వస్తాడా? వాడి అమ్మానాన్నలకి కూడా ఇవన్నీ కొత్తే. క్లాసంతా కలిసి వెళ్తే భాష రానివాడూ, సిగ్గరీ, పుస్తకమంటే పడనివాడూ అందరూ లోపలికి వస్తారు. ఎవరూ ప్రత్యేకంగా అడగాల్సిన పని ఉండదు.

తాళం వేసిన బీరువా

ఈ విషయం నాకు తెలిసి ఉండాల్సింది. మాది తెనాలి పక్కన పల్లెటూరు. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో లైబ్రరీ అంటే హెడ్మాస్టర్ గారి గదిలో అద్దాల బీరువా. దానికెప్పుడూ తాళం. టైమ్‌టేబుల్లో మాత్రం వారానికో లైబ్రరీ పీరియడ్ ఉండేది. ఆ పీరియడ్ ఎప్పుడూ లెక్కల మాస్టారిదే. సిలబస్ అవ్వలేదనేవారు.

తొమ్మిదో తరగతిలో కొత్త తెలుగు మాస్టారు వచ్చారు. ఆయన హెడ్మాస్టర్ గారిని అడిగి తాళంచెవి తీసుకుని, శుక్రవారం చివరి పీరియడ్‌కి బీరువాలోంచి ఓ ముప్పై పుస్తకాలు గుడ్డసంచిలో వేసుకుని క్లాసుకి తెచ్చేవారు. బల్ల మీద పరిచి, ఎవరికి నచ్చింది వాళ్లని తీసుకోమనేవారు. ఆయనా ఒకటి తీసుకుని కుర్చీలో కూర్చుని చదువుకునేవారు. ప్రశ్నలుండేవి కావు, మార్కులుండేవి కావు. నేను మొదటిసారి ఒక నవల చివరిదాకా చదివింది ఆ పీరియడ్‌లోనే. అలాంటి పీరియడ్ వల్ల చదవడం అబ్బినవాణ్ణి, నా కూతురి క్లాసులో దాన్నే ఆపించాను.

మా ప్రాంతానికి ఇది కొత్త ఆలోచనేం కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టి అయ్యంకి వెంకట రమణయ్య గారు మొదలెట్టిన ఉద్యమం ఊరూరా లైబ్రరీలు పెట్టించింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయమే నడిపారు. పాఠకుల దగ్గరికి పుస్తకమే వెళ్లింది. పాఠకుడు రాలేదని వాళ్లు నిష్ఠూరమాడలేదు. ఎందుకు రాలేకపోతున్నాడో కనుక్కుని దానికి తగ్గ దారి వెతికారు.

టీచర్ చెప్పిన లెక్క

మార్చిలో టీచర్‌ని కలిసి, తప్పుగా రాశానని చెప్పాను. ఆవిడ నవ్వి ఊరుకుంటారనుకున్నాను. కూర్చోబెట్టి తన లెక్క చెప్పారు. పీరియడ్ యాభై నిమిషాలు. పాతిక మంది పైగా పిల్లల్ని వరస కట్టించి తీసుకెళ్లడానికి, తీసుకురావడానికి పది నిమిషాలు. పుస్తకం తిరిగివ్వని పిల్లలకి కొత్తది ఇవ్వరు, వాళ్లు ఖాళీగా కూర్చుని కబుర్లు మొదలెడతారు. ఏ వారం ఏ పాఠం అవ్వాలో డిస్ట్రిక్ట్ క్యాలెండర్ ఉంటుంది. ఎవరైనా వచ్చి, ఈ గంటలో పిల్లలు ఏం నేర్చుకున్నారని అడిగితే జవాబుండాలి.

"నాకు లైబ్రరీ ఇష్టం లేక కాదు" అన్నారు ఆవిడ. "వెళ్లిన ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవడం ఇష్టం లేక."

ఆ మాట నేను లైబ్రేరియన్ గారికి చేరవేశాను. తప్పు సరిదిద్దిన ఘనత నాది కాదు, ఆవిడది. తర్వాతి విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు ఆవిడ చేసిన మార్పులు చిన్నవే. కానీ ప్రతి ఒక్కటీ టీచర్ నెత్తిన ఉన్న ఒక బరువుని తీసేసింది.

మొదటిది, పీరియడ్ మొత్తం అడగడం మానేసి ఇరవై నిమిషాలే అడిగారు. దాంతో పాఠానికి కూడా సమయం మిగులుతుంది.

రెండోది, ఖాళీ క్యాలెండర్ పెట్టి బుక్ చేసుకోమనే బదులు ఆగస్టులోనే ఇంగ్లిష్ టీచర్లందరికీ రెండు వారాలకో స్లాట్ చొప్పున తనే వేసేశారు. వద్దనుకున్నవాళ్లు తీసేయొచ్చు, మార్చుకోవచ్చు. ఈ షీట్ తయారుచేయడంలో మాత్రం నా చెయ్యి ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది రోజూ కనిపించే సంగతే. డిఫాల్ట్ సెట్టింగ్‌ని మార్చేవాళ్లు తక్కువ. మంచి అలవాటునే డిఫాల్ట్‌గా పెడితే సగం పని అయిపోయినట్టే.

మూడోది, సంజాయిషీ భారం. టెక్సస్ రాష్ట్ర పాఠ్య ప్రమాణాల్లోనే, విద్యార్థి తనకి నచ్చిన పుస్తకాన్ని తనే ఎంచుకుని కొంతసేపు సొంతంగా చదవగలగాలి అని ఉంది. ఆ ప్రమాణాన్ని క్యాలెండర్‌లో ప్రతి స్లాట్ పక్కనా రాసి పెట్టారు. టీచర్ దాన్ని తన లెసన్ ప్లాన్‌లో ఎత్తి రాసుకుంటే చాలు.

నాలుగోది, బాకీ పుస్తకాల జాబితా రెండు రోజుల ముందే టీచర్‌కి పంపడం. తీరా ఆ రోజుకి కూడా పుస్తకం తేకపోయినా ఒక్కటైనా ఇచ్చి పంపడం. ఖాళీ చేతులతో కూర్చునే పిల్లలు లేకపోవడంతో అల్లరీ తగ్గింది.

ఐదోది, మొదటి ఐదు నిమిషాలు లైబ్రేరియన్ గారివి. క్లాసులో నడుస్తున్న పాఠానికి దగ్గరగా ఉన్న మూడు నాలుగు పుస్తకాల గురించి ఊరించేలా చెప్పి వదిలేస్తారు. మిగతా పదిహేను నిమిషాలు పిల్లలవి. టీచర్‌ని ఆవిడ కోరింది ఒక్కటే, ఆ సమయంలో పేపర్లు దిద్దుకోకుండా తనూ ఒక పుస్తకం తీసుకుని చదవమని. మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు నాకు.

ఏప్రిల్ పరీక్షల రోజుల్లో లైబ్రరీ గదే పరీక్ష హాలైపోతుంది, లోపలికి ఎవరినీ రానివ్వరు. అప్పుడు పుస్తకాల్ని తోపుడు బండి మీద పెట్టి క్లాసుల గుమ్మాల దాకా తీసుకెళ్లాం. తోసింది నేనే. కాలువ లేదు గానీ పడవ గుర్తొచ్చింది.

ఇప్పుడు అందరూ వస్తున్నారని రాస్తే అబద్ధమవుతుంది. ఒక టీచరు ఇప్పటికీ స్లాట్ తీసేస్తారు. మా అమ్మాయి మళ్లీ పూర్వంలా పుస్తకాల పురుగైపోలేదు. సంచిలో ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి. కొన్ని చదువుతుంది, కొన్ని సగంలో తిరిగిచ్చేస్తుంది. సగంలో వదిలేసే హక్కు కూడా చదివేవాళ్లకి ఉంటుందని లైబ్రేరియన్ గారు అంటే ఒప్పుకున్నాను. ఆ హనుమకొండ అబ్బాయి ఏడాది తిరిగేసరికి కౌంటర్ దగ్గర కొత్తగా వచ్చిన పిల్లలకి ఐడీ కార్డు ఎలా స్కాన్ చేయాలో చూపిస్తున్నాడు.

మనం చేయగలిగింది

ఇది ఒక్క టెక్సస్ సంగతి కాదు. ఇంగ్లండ్‌లో ప్రతి జైలుకీ లైబ్రరీ ఉండాలని నియమం ఉంది, ప్రతి బడికీ ఉండాలన్న చట్టం మాత్రం లేదు. టైమ్‌టేబుల్లో లైబ్రరీ పీరియడ్ ఉన్న బడుల్లోనూ పరీక్షలు దగ్గరపడితే మొదట పోయేది అదే. ఎక్కడున్నా చివరి నిర్ణయం టీచర్‌దే. ఆ నిర్ణయం మీద మన మాటల ప్రభావం మనం అనుకునేదానికన్నా ఎక్కువ.

అందుకని తోటి తల్లిదండ్రులకి నా మనవి. బడి తెరిచే ముందు టీచర్‌ని కలిసినప్పుడు గ్రేడ్ల గురించి అడిగే ప్రశ్నలతో పాటు ఇంకోటి అడగండి: క్లాసు లైబ్రరీకి ఎన్నాళ్లకోసారి వెళ్తుంది? నిలదీసినట్టు కాదు, వెళ్తే మాకు సంతోషం అని తెలిసేలా. తీసుకెళ్లిన టీచర్‌కి రెండు లైన్ల కృతజ్ఞత రాయండి, ప్రిన్సిపాల్‌కి కాపీ పెట్టండి. ఫిర్యాదు ఈమెయిళ్ల మధ్య అలాంటిది ఒక్కటి చాలు, ఆ టీచర్‌కి రేపు సంజాయిషీ అడిగితే చూపించుకోవడానికి. వీలైతే నెలకో గంట వాలంటీర్‌గా వెళ్లండి. ఉద్యోగులు సేవ చేసిన గంటలకి లెక్కగట్టి బడికి విరాళమిచ్చే కంపెనీలూ ఉన్నాయి, మీ ఆఫీసులో కనుక్కోండి. పుస్తకాలు ఇవ్వాలనుకుంటే, తెలుగువైనా సరే, ముందు లైబ్రేరియన్‌ని అడగండి. ఏ పుస్తకం పెట్టాలన్నదానికి వాళ్లకి నియమాలుంటాయి. పిల్లలు బొమ్మల నవల తెస్తే "ఇదేం చదువు" అనకండి. నేను అన్నాను, అందుకే చెప్తున్నా.

చివరిగా, సాయంత్రం కారెక్కిన పిల్లలు "ఈ రోజు ఏం లేదు, లైబ్రరీకి వెళ్లాం" అంటే ల్యాప్‌టాప్ తెరవకండి. ఏ పుస్తకం తెచ్చుకున్నావని అడగండి. పోయిన నెల నేను మా వాట్సాప్ గ్రూపులో పాత ఈమెయిల్ కింద ఇదంతా రాసి పెట్టాను. ఈసారి బొటనవేళ్లు కాస్త తక్కువే వచ్చాయి. కానీ ఇద్దరు తల్లులు మంగళవారాలు ఖాళీయేనని చెప్పారు. వాళ్లకి బండి తోయడం నేర్పాలి.